ఖిలాషాపూర్ కోటలో ఒక ప్రశ్న

రఘునాథపల్లి దగ్గర హైదరాబాద్–వరంగల్ రహదారి దిగి లోపలికి వెళ్తే ఖిలాషాపూర్ వస్తుంది. ఊరి పేరులోనే కోట ఉంది. మూడు శతాబ్దాల వానలకూ ఎండలకూ ఓర్చి, అక్కడక్కడా కూలి, ఇంకా నిలబడి ఉన్న ఆ రాతిగోడలూ బురుజులూ సర్వాయి పాపన్న కాలం నాటివి. ఔరంగజేబు చివరి రోజుల్లో, ఆయన వారసులు సింహాసనం కోసం కొట్టుకుంటున్న రోజుల్లో, ఒక కల్లుగీత కులస్థుడు మొఘల్ సుబేదారుకు కంటి మీద కునుకు లేకుండా చేసిన చోటు ఇది. ఏటా ఆగస్టు 18న ఆయన జయంతి జరుగుతుంది. ఇటీవలి సంవత్సరాలలో ప్రభుత్వమే అధికారికంగా జరుపుతోంది. ఒకసారి ఆ ఉత్సవాలు ముగిసిన వారానికి మా ఎం.ఏ. విద్యార్థులను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాను. దండలు వాడిపోయి ఉన్నాయి, జెండాలు ఇంకా తీయలేదు.

బురుజు నీడలో పిల్లలను నిలబెట్టి, ఏళ్లుగా చెబుతున్నదే మళ్లీ చెప్పాను. అట్టడుగు కులాల సైన్యం, వరంగల్ మీద దాడి, బాదుషా దర్బారు, చివరకు వెన్నుపోటు. పిల్లలు శ్రద్ధగా విన్నారు. కొందరు నినాదాలు చేశారు. అప్పుడు వెనుక వరుసలోంచి ఒక విద్యార్థిని, ఈ జిల్లాలోనే ఒక తండా నుంచి వచ్చి చదువుకుంటున్న అమ్మాయి, చెయ్యెత్తింది.

"సార్, పాపన్న బంజారాల ఎడ్లు గుంజుకున్నడని మీరిచ్చిన పుస్తకంలనే ఉన్నది. అవి మావాళ్లయే గదా. మరి మావాళ్లు అప్పుడు ఏమనుకున్నరో ఎక్కడన్న రాసి ఉన్నదా?"

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత ముందు వరుసలోని కుర్రవాడొకడు, "బహుజన వీరుని కోటకొచ్చి అడిగే మాటేనా ఇది?" అన్నాడు. మరొకడు నవ్వాడు. నేను చేతి గడియారం చూసుకుని, ఎండ ఎక్కుతోంది, బస్సులో మాట్లాడుకుందాం అన్నాను. బస్సులో మాట్లాడలేదు.

ఎందుకు మాట్లాడలేదో దాచుకోవడంలో అర్థం లేదు. నేను గీత కుటుంబంలో పుట్టినవాణ్ణి. మా నాయన మోకు నడుముకు కట్టుకుని తాళ్లెక్కినవాడు. మా ఇంటి గోడ మీద ఎల్లమ్మ పటం పక్కన పాపన్న పటం ఉండేది. గుర్రం, కత్తి, మెలితిరిగిన మీసం. ఆ పటం కింద కూర్చునే నేను అక్షరాలు దిద్దాను. ఆ అమ్మాయి అడిగినప్పుడు చరిత్ర అధ్యాపకునిగా కాక ఆ పటం ముందు కూర్చున్న పిల్లవానిగా జవాబిచ్చాను. అంటే జవాబివ్వలేదు.

ఆమె అడిగింది ఎడ్ల లెక్క కాదు. ఒక సముదాయం తిరగబడినప్పుడు ఆ తిరుగుబాటులో నడిచినవాళ్లు, దాని దారిలో పడి నలిగినవాళ్లు, దూరం నుంచి చూసినవాళ్లు ఏమనుకున్నారు? వాళ్ల అభిప్రాయాలు మనదాకా ఎలా వచ్చాయి, ఎవరివి రాలేదు? చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న అదే.

మనకు దొరికే మొదటి అభిప్రాయం శత్రువుది. మొఘల్ కొలువులో మెలగిన ఖాఫీ ఖాన్ తన 'ముంతఖబ్ ఉల్ లుబాబ్'లో పాపన్న కథను కొంత వివరంగానే రాశాడు. ఆయన దృష్టిలో పాపన్న దొంగ, దుర్మార్గుడు, తన స్థాయి మరచినవాడు. కథ మొదలయ్యేదే ఇంటి దొంగతనంతో. డబ్బున్న విధవరాలైన సోదరిని దోచి, ఆ సొత్తుతో మనుషులను కూడగట్టి, తారికొండలో కోట లాంటిది కట్టుకున్నాడని ఫారసీ కథనం. దారిన పోయే వర్తకులను కొల్లగొట్టాడు. చుట్టుపక్కల జమీందార్లు, ఫౌజ్‌దార్లు తరిమితే కౌలాస్ జమీందారు దగ్గర కొలువు చేశాడు, అక్కడా దారిదోపిడీకి దిగి చెరసాల పాలయ్యాడు, విడుదలై షాపూర్ చేరి సర్వా అనే అనుచరునితో కలసి బలం పెంచుకున్నాడు. ఆ షాపూరే ఈనాటి ఖిలాషాపూర్. 1708లో మొహర్రం పదవ రోజుకు ముందు రాత్రి, ఊరంతా సంతాప దినాల ఏర్పాట్లలో మునిగి ఉండగా, వేలమంది కాల్బలంతో, వందల గుర్రాలతో వరంగల్ మీద పడ్డాడు. తివాచీలు, వస్త్రాలు, నగదు, నగలు మాత్రమే కాదు, వేలాది మనుషులను బందీలుగా పట్టుకుపోయాడు. అందులో నగర కాజీ ఇంటి స్త్రీలూ ఉన్నారు. ఆ కొద్ది నెలలకు భువనగిరి మీదా దాడి చేశాడు. (సభల్లో వినబడే గోల్కొండ పట్టాభిషేకం ఫారసీ గ్రంథాల్లో కనబడదు. ఇది చెబితే నొచ్చుకునే మిత్రులు నాకు చాలామంది ఉన్నారు.)

శత్రువు రాసింది గనుక దీన్ని పక్కన పడేయాలా? 1983లో రణజిత్ గుహ రైతాంగ తిరుగుబాట్ల మీద రాసిన గ్రంథం మా తరానికి నేర్పిన పాఠం వేరు. అణచినవాడి కాగితాల్లోనే తిరగబడినవాడి ఆనవాళ్లు వెతకాలి, తిట్టులో తిట్టినవాడి భయాన్ని చదవాలి. ఆ దృష్టితో చూస్తే ఖాఫీ ఖాన్ కథలో అసలు కోపం ఎక్కడ ఉందో బయటపడుతుంది.

1709 జనవరిలో బహదూర్ షా తన తమ్ముడు కాంబక్ష్‌ను హైదరాబాద్ సమీపంలో ఓడించాడు. గెలిచిన బాదుషా కొలువు తీరినప్పుడు కానుకలు పట్టుకుని వచ్చినవారిలో పాపన్న ఒకడు. 14 లక్షల రూపాయలు, సైన్యానికి ధాన్యం, మేత సమర్పించుకున్నాడు. ప్రతిగా ఖిల్లత్, అంటే గౌరవ వస్త్రం, అందుకున్నాడు. అప్పటికి వరంగల్ దోపిడీ జరిగి ఏడాది కాలేదు. నిన్నటి దాకా దొంగ అన్నవాడికి బాదుషా చేతి మీదుగా సన్మానం! మొఘల్ రాజ్యానికి ఇది కొత్త కాదు. ఒకనాటి తిరుగుబాటుదారులు ఎందరో కప్పం కట్టి మన్సబ్‌దార్లయ్యారు. కానీ వాళ్లు మరాఠా సర్దార్లు, రాజపుత్రులు, జమీందార్లు. తాడెక్కేవాడు ఖిల్లత్ తొడుక్కోవడం మాత్రం స్థానిక పెద్దలకు కొరుకుడు పడలేదు. షా ఇనాయత్ అనే ప్రముఖుని నాయకత్వంలో ప్రతినిధి వర్గం బాదుషా దగ్గరకు వెళ్లి మొరపెట్టుకుంది. బందీలైన ఆడవాళ్ల మాట, పోయిన ఆస్తుల మాట అందులో ఉన్నాయి, అవి నిజమైన గాయాలే. అయితే ఆ గాయాలకు నోరు వచ్చినది ఖిల్లత్ తర్వాతనే. దోపిడీ భరించారు, సమానత భరించలేకపోయారు. భూమి మీద, పన్నుల మీద వంశపారంపర్య హక్కులున్న హిందూ పెద్దలు కూడా ఈ విషయంలో మొఘల్ అధికారుల పక్షానే నిలిచారు. దక్కన్ సామాజిక చరిత్రను ఎనిమిది మంది జీవితాల ఆధారంగా చెబుతూ 2005లో గ్రంథం ప్రచురించిన రిచర్డ్ ఈటన్ అందులో ఒక అధ్యాయం పాపన్నకు కేటాయించారు. అదే పుస్తకంలో కాకతీయ ప్రతాపరుద్రునికీ ఒక అధ్యాయం ఉంది. ఓరుగల్లు ఏలినవాడూ, ఓరుగల్లు దోచినవాడూ ఒకే పుస్తకంలో. పాపన్న పోరును హిందూ ముస్లిం తగాదాగా చదవడానికి వీల్లేదని ఈటన్ చూపిన ఆధారాలు ఈరోజు మరింత అవసరం. ఆయన వెంట నడిచినవారిలోనూ రెండు మతాలవారున్నారు, ఆయనను వేటాడినవారిలోనూ రెండు మతాలవారున్నారు. గీత అడ్డంగా ఉంది, నిలువుగా కాదు.

రెండవ అభిప్రాయం పాటది. 1874లో 'ఇండియన్ యాంటిక్వెరీ' పత్రికలో జె.ఎ. బాయిల్ అనే ఆంగ్లేయుడు తెలుగు వీరగాథల గురించి రాస్తూ సర్వాయి పాపని పాటను ప్రచురించాడు. పాపన్న చనిపోయి అప్పటికి నూట అరవై ఏళ్లు దాటింది. ఆ పాటను ఫారసీ కథనంతో పక్కపక్కన పెట్టి 1980లో జాన్ రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు గారు ఒక వ్యాసం రాశారు. విద్యార్థులు తప్పక చదవవలసిన వ్యాసం అది. ఒకే మనిషి ఒక చోట దొంగ, మరొక చోట వీరుడు ఎలా అయ్యాడన్నది అందులోని చర్చ.

ఇక్కడ పేరు గురించి ఒక మాట. పాటలో ఆయన పాపడు. ఖాఫీ ఖాన్ కలంలో పాప్రా. మా ఇంటి పటం కింద పాపన్న. ఈనాటి బ్యానర్ల మీద సర్దార్ సర్వాయి పాపన్న గౌడ్ మహారాజ్. తెలుగులో 'డు' ప్రత్యయానికి కులం ఉందని మనందరికీ తెలుసు. రాముడు అంటే ఎవరూ నొచ్చుకోరు. అదే ప్రత్యయం కింది కులం మనిషి పేరు చివర చేరితే చర్రున తగులుతుంది. పాట పాడినవాడు పాపడు అన్నప్పుడు అది చిన్నచూపా, చనువా? నాకు చనువే అనిపిస్తుంది. రాముడిని పిలిచినట్టే పిలిచాడు. అయినా 'అన్న' చేర్చుకోవడం మా పెద్దల హక్కు, దాన్ని నేను ప్రశ్నించను. నన్ను ఆలోచింపజేసేది ఆ చివరి 'మహారాజ్'. రాజులను కాదన్న మనిషిని రాజుల వరుసలో కూర్చోబెట్టడానికి ఇంత తొందర ఎందుకు?

పాటకే తిరిగి వస్తాను. అందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేవి యుద్ధాలు కావు, రెండు విషయాలు. ఒకటి, తల్లీకొడుకుల సంవాదం. కొడుకు కోటల మీదికి పోతానంటాడు, తల్లి వద్దంటుంది. పాట తల్లి మాటను దాచలేదు, తప్పుపట్టలేదు. తిరుగుబాటు గురించి పాట నమోదు చేసిన అభిప్రాయాలలో ఇది వ్యతిరేకమైనది, అదీ సొంత ఇంట్లో పుట్టినది. చేయెత్తిన కొడుకు పోయాక పొయ్యి వెలిగించవలసింది ఆమె. ఆ భయం పిరికితనం కాదని పాట కట్టినవానికి తెలుసు.

రెండవది, అనుచరుల పేర్లు. హసన్, హుసేన్, తురక హిమాం, దూదేకుల పీరు, చాకలి సర్వన్న, మంగలి మానన్న, కుమ్మరి గోవిందు, మేదరి ఎంకన్న, ఇంకా ఎరుకల, జక్కుల, యానాది కులాలవాళ్లు. ప్రతి పేరుకూ ఒక కులం, ప్రతి కులానికీ ఒక మనిషి. ఖాఫీ ఖాన్‌కు వాళ్లు కేవలం గుంపు. పాటకు మాత్రం మనుషులు. గీత కులస్థులు మాత్రమే ఉన్న సైన్యంగా పాట దాన్ని ఎక్కడా చూపలేదు. 2024–25లో తెలంగాణలో జరిగిన కులాల సర్వే ముస్లిం వెనుకబడిన తరగతులతో కలిపి బీసీలు 56.33 శాతం అని తేల్చినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఈ జాబితానే. దూదేకుల పీరును, చాకలి సర్వన్నను ఒకే పంక్తిలో నిలబెట్టిన లెక్క మూడు వందల ఏళ్ల కిందటే పాటలో ఉంది.

అయితే ఆ పంక్తిలో ఉన్నవాళ్లందరి మాట ఒకటేనా? ఆ మాట పాట చెప్పదు. సర్వన్న ఎందుకు వచ్చాడు, గోవిందు ఎందుకు వచ్చాడు, కొల్ల సొమ్ము పంపకంలో ఎవరికెంత దక్కింది, కోట కట్టడానికి రాళ్లు మోసినవారు ఎవరు, వాళ్లు ఇష్టపడి మోశారా? జవాబు లేదు. ఫారసీ కథనంలో మాత్రం వాళ్లు నోరు విప్పిన సందర్భం ఒకటుంది. 1709 చివర్లో హైదరాబాద్ సుబేదారు యూసుఫ్ ఖాన్ పెద్ద సైన్యంతో తారికొండను ముట్టడించాడు. ముట్టడి నెలల తరబడి సాగింది. కోటలో తిండి కరువైంది. అప్పుడు యూసుఫ్ ఖాన్, విడిచి వచ్చేవారికి రెట్టింపు జీతం ఇస్తానన్నాడు. ఆకలితో అలసిన చాలామంది దిగి వచ్చారు. దీన్ని ద్రోహం అనడం సభల్లో ఆనవాయితీ. నేను కూడా అన్నాను. ఇప్పుడు అనలేను. నెలల తరబడి పస్తులుండి దిగి వచ్చిన సిపాయి తన అభిప్రాయం కాళ్లతో చెప్పాడు. అతనికి చెప్పడానికి ఇంకో దారి లేదు.

ఇంట్లోనూ అంతే. ముట్టడికి ముందు, ఆయన బయట ఇంకో యుద్ధంలో ఉండగా షాపూర్ కోటలోని బందీలు తిరగబడి కోటను పట్టుకున్నారు. ఆ బందీల్లో ఆయన భార్య సోదరుడైన ఫౌజ్‌దారు ఉన్నాడు. సంకెళ్లు కోసుకోవడానికి ఆకురాళ్లు తిండిలో దాచి పంపినది ఆ భార్యే అని కథనం. బందీల తిరుగుబాటుకు ఎవరు జయంతి చేయాలి? తిరుగుబాటుదారుని చెరలో ఉన్నవాళ్లు ఆయన మీదే తిరగబడిన రోజు కూడా ఈ కోట చరిత్రలో ఒక రోజు. వరంగల్ నుంచి ఈడ్చుకొచ్చిన ఆడవాళ్ల కళ్లతో చూస్తే అదే విముక్తి రోజు. నేను పిల్లలకు ఏళ్లుగా ఈ బురుజు కింద నిలబడి పాఠం చెబుతున్నాను. ఈ సంగతిని ఎప్పుడూ 'వెన్నుపోటు' అనే ఒక్క మాటలో దాటేశాను.

చివరి ఘట్టం మరీ కష్టమైనది. 1710లో తారికొండ పడిపోయాక గాయపడిన పాపన్న తప్పించుకుని హసనాబాద్ చేరాడు. అక్కడ ఆయనను గుర్తుపట్టి పట్టించినవాడు ఒక కల్లుగీత కులస్థుడేనని ఫారసీ కథనం. పట్టుకున్నవాడు ఆ బావమరిదే. తల ఢిల్లీకి వెళ్లింది, మొండెం హైదరాబాద్ కోట వాకిట వేలాడింది. కథ చెప్పేవాళ్ల నోట ముగింపు రకరకాలుగా మారుతుంది. మా తాత చెప్పే కథలో ఆ గీత కులస్థుడు లేనే లేడు. ఆ మనిషిని ఎందుకు తీసేశారో అర్థం చేసుకోగలను. కానీ అతనికీ ఒక ఊరు ఉంది, ఒక తాటివనం ఉంది, ఆ తాళ్ల మీద పన్ను వసూలు చేసే అధికారి ఉన్నాడు. పాపన్న పోయాక కూడా అతను అక్కడే బతకాలి.

ఇక ఎడ్లు. పది పన్నెండు వేల ఎడ్లను పాపన్న బంజారాల దగ్గర పట్టుకుని తన పొలాలు దున్నించడానికి వాడాడని ఫారసీ కథనం. ఈ వాక్యాన్ని మేమంతా పాపన్న రాజనీతికి నిదర్శనంగా ఉదహరిస్తాం. చూశారా, దోపిడీతో ఆగలేదు, వ్యవసాయం పెంచాడు, రాజ్యం కట్టాలనుకున్నాడు అంటాం. బంజారాకు ఎద్దు అంటే ఏమిటో మాత్రం చెప్పం. ఆ కాలంలో ధాన్యం, ఉప్పు ఊళ్ల నుంచి ఊళ్లకు, సైన్యాల వెంట మోసినవి బంజారాల పెరికె ఎడ్లే. ఎద్దు ఆ కుటుంబానికి ఆస్తి, వాహనం, రేపటి తిండి. ఇంత పెద్ద సంఖ్యలో ఎడ్లు పోయాయంటే ఎన్ని బిడారాలు దారిలో ఆగిపోయి ఉండాలి? ఆ బిడారాల్లోని ఆడవాళ్లూ పిల్లలూ ఎటు వెళ్లారు? ఖాఫీ ఖాన్ వాళ్లను అడగలేదు, ఎందుకంటే ఆయనకు వాళ్ల నష్టం పాపన్న నేరాల జాబితాలో ఒక పద్దు. పాట వాళ్లను తలచుకోలేదు. మేం వాళ్లను పాపన్న ఘనత పద్దులోకి మార్చాం. పద్దు మారింది, మనుషులు ఎప్పటిలాగే బయట.

1969లో ఎరిక్ హాబ్స్‌బామ్ బందిపోట్ల మీద పుస్తకం రాసి, ఉన్నవాణ్ణి దోచి లేనివాణ్ణి కాపాడే 'సామాజిక బందిపోటు' అనే ఊహను ప్రచారంలోకి తెచ్చాడు. ఆ చట్రంలో పాపన్నను పెట్టాలని చూసినవారందరికీ ఈ ఎడ్లే అడ్డం వస్తాయి. బంజారాలు దొరలు కారు.

ఇదంతా మూడు వందల ఏళ్ల కిందటి సంగతి, బతికున్న సాక్షులు లేరు అనవచ్చు. సాక్షులు బతికి ఉన్న తిరుగుబాటు కూడా ఈ జనగామ నేల మీదే జరిగింది. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ గూండాల తుపాకులకు దొడ్డి కొమురయ్య కూలినప్పుడు మొదలైన పోరాటం 1951 దాకా సాగింది. దాని గురించి నాయకులు సంపుటాలు రాశారు. సుందరయ్య గారి బృహద్గ్రంథం 1972లో వచ్చింది. కొమురయ్య కురుమ అని, ఐలమ్మ చాకలి అని ఆ రాతల్లో అరుదుగా కనిపిస్తుంది. కనిపించినా విశ్లేషణలోకి రాదు. అందరూ 'రైతాంగం'. ఆ పదం అబద్ధం కాదు, కానీ ఒక గొంగడి లాంటిది, కింద ఎవరున్నారో కనబడనివ్వదు.

ఆ గొంగడి ఎత్తి చూసిన పని చరిత్రకారులుగా పేరున్నవారు చేయలేదు. స్త్రీశక్తి సంఘటన మహిళలు ఊరూరా తిరిగి, పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కూర్చోబెట్టి మాట్లాడించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. చిట్యాల ఐలమ్మ అందులో మాట్లాడింది. ఆ గొంతులు పోరాటాన్ని కాదనవు. దళంలో బతికిన రోజులను ఎంతో గర్వంగా చెప్పుకుంటాయి. అదే నోటితో పోరాటం ముగిశాక ఇళ్లకు వెళ్లిపొమ్మన్నప్పుడు కలిగిన కష్టాన్నీ, నాయకులు తమను అడగకుండా తీసుకున్న నిర్ణయాలనూ చెబుతాయి. ఆ పుస్తకం వచ్చినప్పుడు పోరాటానికి మచ్చ తెస్తున్నారన్న మాట రాకపోలేదు. ఇప్పుడు ఆ పుస్తకం లేకుండా తెలంగాణ సాయుధ పోరాటం గురించి ఎవరైనా మాట్లాడగలరా? హైదరాబాద్‌లోని మహిళా విశ్వవిద్యాలయానికి ఇవాళ ఐలమ్మ పేరు ఉంది. ఆ పేరు చేరడానికి గోడల మీది నినాదాలు ఎంత కారణమో, ఆమె నోటి మాటను ఎవరో ఓపికగా రాసుకోవడం కూడా అంతే కారణం.

పాపన్న సహచరులకు ఆ అదృష్టం లేదు. టేపు రికార్డరు లేదు. ఉన్నది శత్రువు గ్రంథం, గాయకుని పాట, ఇప్పుడు మా కుల సంఘాల కరపత్రం. మూడింటిలో మూడోదే అన్నిటికన్నా ఏకశిలగా ఉందని చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది. ఖాఫీ ఖాన్ పాపన్నను తిడుతూనే ఆయన తెలివిని, పట్టుదలను దాచలేకపోయాడు. పాట పాపన్నను మోస్తూనే తల్లి అభ్యంతరాన్ని వినిపించింది. మా కరపత్రంలో మాత్రం తల్లి ఆశీర్వదిస్తుంది, సోదరి కనిపించదు, భార్య ద్రోహి, సైనికులు చివరిదాకా పోరాడతారు, బంజారాలు లేరు.

కరపత్రానికి కారణం లేకపోలేదు, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. పాఠ్యపుస్తకాల్లో పాపన్నకు పేరాగ్రాఫు కూడా లేని రోజుల్లో మా పెద్దలు కల్లు దుకాణాల ముందు, కులం పండుగల్లో ఆ పేరును బతికించారు. కాటమయ్యకు మొక్కి తాడెక్కినవాడు పడిపోయి నడుము విరిగితే పలకరించే నాథుడు లేని రోజులవి. గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచాలు ప్రభుత్వం అందించడం 2024లో గానీ మొదలు కాలేదు. అంతకాలం వాళ్లకు దొరికిన కవచం ఆ పేరొక్కటే. 2023 ఎన్నికల ముందు కామారెడ్డిలో ప్రకటించిన బీసీ డిక్లరేషన్‌లో జనగామ జిల్లాకు పాపన్న పేరు పెడతామన్న హామీ చేరిందంటే అది ఆ పెద్దల శ్రమ ఫలితం. ఈ స్థితిలో లోపల లోపల ఉన్న మాటలు బయట పెడితే మనల్ని అణచినవాడే నవ్వుతాడని పెద్దలు అంటారు. ఐక్యత ముందు, చర్చ తర్వాత అంటారు. బీసీల వాటా కోసం చట్టాలు, కోర్టులు, బందులు నడుస్తున్న కాలంలో ఈ వాదనకు బలం ఉంది.

అయినా ఆ రోజు కోటలో నోరు మూయించబడినది ఎవరు? ఖాఫీ ఖాన్ వారసుడా? కాదు. తండా నుంచి వచ్చిన అమ్మాయి. చేయెత్తి అడిగే ధైర్యం మేం పాపన్న పేరుతో నేర్పాలనుకున్న ధైర్యమే. అది ఆమెకు ముందే ఉంది. నవ్వినవాడు బీసీ కుర్రవాడు, గడియారం చూసుకున్నవాణ్ణి నేను. బహుజన అనే మాటలో లంబాడాలు ఉన్నారని వేదిక మీద చెబుతాం. వాళ్ల ఎడ్లు మాత్రం అందులో లేవు. 1976 నుంచి లంబాడాలు ఈ ప్రాంతంలో షెడ్యూల్డు తెగ. రిజర్వేషన్ల లెక్కల్లో వాళ్లకు, బీసీలకు, ఇతర ఆదివాసులకు మధ్య ఇప్పుడు నడుస్తున్న తగాదాలు తెలిసినవే. ఆ తగాదాల నీడ కూడా ఆ నవ్వులో ఉంది.

నాలుగైదు వారాల తర్వాత ఆమెను పిలిచి, ఆ రోజు జవాబు ఇవ్వనందుకు నొచ్చుకున్నానని చెప్పాను. ఆమె పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. "నేను మా తండాల పెద్దోళ్లను అడిగిన సార్. పాపన్న పేరు గూడ వాళ్లకు ఎరుక లేదు" అంది. ఎడ్ల బిడారాల పాటలు ఉన్నాయట, ఉప్పు కోసం సముద్రం దాకా పోయిన పాటలు, దారిలో చచ్చిపోయిన ఎద్దు మీద ఏడ్చిన పాటలు. ఎవరు గుంజుకుపోయారో ఆ పాటల్లో ఉండదట. "గుంజుకునేటోళ్లు మస్తుమంది ఉంటరు గదా, ఎందరి పేర్లని పెట్టుకుంటరు?" అంది. ఆ పాటలు రాసుకుని సెమినార్‌లో చదవమన్నాను. తెలుగులో రాయాలా, గోర్ బోలీలో రాయాలా అని అడిగింది. రెండింట్లో అన్నాను.

సెమినార్‌లో ఆమె చదివాక గంటన్నర వాదన జరిగింది. కోటలో నవ్విన కుర్రవాడు లేచి, ఆ ఎడ్లు మొఘల్ సైన్యానికి ధాన్యం మోసినవి గనుక శత్రువు సరఫరాను దెబ్బకొట్టడం యుద్ధనీతి అన్నాడు. కొట్టిపారేయలేని వాదనే. మోసినవాడు కిరాయికి మోశాడు, నీ పాపన్న కూడా బాదుషా సైన్యానికి మేత కానుకగా ఇచ్చాడు గదా అని ఆమె అంది. అతను పుస్తకం తెరిచి పేజీ వెతకడం మొదలుపెట్టాడు. మరో అమ్మాయి మధ్యలో లేచి, వరంగల్ నుంచి ఈడ్చుకొచ్చిన ఆడవాళ్ల గురించి మీరిద్దరూ మాట్లాడరేమని అడిగింది. విభాగం తాళాలు వేసే అటెండర్ రెండుసార్లు వచ్చి తలుపు దగ్గర నిలబడి వెళ్లాడు. మూడోసారి వచ్చినప్పుడు, ఇంకొంచెం సేపు ఆగమని నేనే చెప్పాను.